మంచం దిగే చదువు: న్యూరో రిహాబ్ వార్డులో కొన్ని వారాలు

పక్షవాతం వచ్చిన మనిషికి ప్రాణాపాయం తప్పి, బీపీ, షుగరు ఒక దారిన పడ్డాక డాక్టర్లు డిశ్చార్జి కాగితంతో పాటు ఒక మాట కూడా చెబుతారు, ‘రిహాబ్‌లో చేర్చండి’ అని. ఆ మాట విన్న చాలా కుటుంబాలకు అదేమిటో తెలియదు. ఫిజియోథెరపీ చేసే చోటు అనుకుంటారు కొందరు. ఇంకో ఆసుపత్రి బిల్లు అనుకుంటారు మరికొందరు. న్యూరో రిహాబిలిటేషన్ అంటే మెదడు, వెన్నుపాము, నరాలు దెబ్బతిన్నందువల్ల చేతకాకుండా పోయిన పనులను మళ్ళీ నేర్పించే వైద్యం. లేచి కూర్చోవడం, మింగడం, మాట్లాడటం, మూత్రం ఆపుకోవడం, చొక్కా తొడుక్కోవడం వంటివన్నీ ఆ పనుల్లోకే వస్తాయి. పక్షవాతం వచ్చినవారితో పాటు రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారు, చెట్టు మీంచో కట్టడం మీంచో పడి వెన్నుపాము దెబ్బతిన్నవారు, గులియన్ బారే సిండ్రోమ్‌తో ఒళ్ళంతా చచ్చుబడినవారు, మెదడులో గడ్డ తీయించుకున్నవారు కూడా ఈ వార్డుల్లో కనిపిస్తారు.

ఇంటి దగ్గరి నుంచి వచ్చిపోతూ చేయించుకోగలిగిన వైద్యానికి వార్డులో చేరడం ఎందుకన్న ప్రశ్న సహజమే. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి ఇద్దరు పట్టాల్సి వస్తున్నా, ముక్కులో ఆహారపు గొట్టం, మూత్రానికి గొట్టం ఇంకా ఉన్నా, నడకా మాటా రెండూ పోయి ఒకటికి మించిన థెరపీలు కావలసి ఉన్నా వార్డులో ఉండటమే మేలు. రెండోవైపు, రోగికి కొంత ఓపిక కూడా ఉండాలి. అమెరికాలో ఇలాంటి ఆసుపత్రుల్లో చేరేవారు రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు థెరపీ చేయగలిగి ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. మన దగ్గర అందరికీ ఒకటే లెక్క లేదు. అందుకే చేరేముందు అడగవలసిన మొదటి ప్రశ్న గది అద్దె గురించి కాదు. రోజుకు ఎన్ని గంటల థెరపీ, ఎవరు చేయిస్తారు, ఆదివారం ఏమిటి అన్నవి ముందు తేల్చుకోవాలి. ఆరోగ్య బీమా ఉంటే రిహాబిలిటేషన్‌కు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చేరడం మంచిది. ఆసుపత్రి ఖర్చంతా ఇచ్చే పాలసీ ఇక్కడికి వచ్చేసరికి చేతులెత్తేసే సందర్భాలు ఉంటాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద ఒక ముఖ్యమైన పరిశోధన ఉంది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దించి ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలిస్తే త్వరగా కోలుకుంటారా అని అయిదు దేశాల్లో 2,104 మంది మీద పరీక్షించారు. అవెర్ట్ అనే ఆ పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి రోజే అంత గట్టిగా కదిలించినవారు మిగతావారికంటే కాస్త వెనకబడ్డారు. కాబట్టి తొలి రోజు తొందరపాటు తగదు. అలాగని నెలల తరబడి ఆగడం అంతకన్నా నష్టం. మెదడు తనను తాను సర్దుకునే వేగం మొదటి మూడు నెలల్లో బాగా ఎక్కువగా ఉంటుంది, ఆరు నెలల దాకా చెప్పుకోదగ్గంత ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది తప్ప ఆగిపోదు. మన ఊళ్ళల్లో ఈ విలువైన వారాలే పావురం రక్తంతో మర్దనాలకూ పసరు మందులకూ ఖర్చయిపోతుంటాయి. రుద్దిన రక్తం చర్మం దాటి మెదడుకు పోదు. పోయేది కాలం.

చేరిన రోజు

మొదటి రెండు మూడు రోజులు పరీక్షలతోనే గడుస్తాయి, అయితే ఇవి రక్తపరీక్షల లాంటివి కావు. ఫిజికల్ మెడిసిన్ డాక్టరు కీళ్ళు ఎంతవరకు వంగుతున్నాయో, కండరం బిగుసుకుందో జారిపోయిందో, స్పర్శ ఉందో లేదో చూస్తారు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, నర్సు, సైకాలజిస్టు, డైటీషియన్ ఒకరి వెంట ఒకరు వచ్చి చూస్తారు. అడిగిందే అడుగుతున్నారని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నిజానికి ఒక్కొక్కరు ఒక్కో పని చూస్తున్నారు.

చాలాచోట్ల వాడే కొలబద్ద ఫిమ్. అందులో 18 పనులుంటాయి. 13 శరీరానివి, 5 బుద్ధికీ మాటకూ సంబంధించినవి. ఎవరి సాయం లేకుండా చేస్తే 7 మార్కులు, పూర్తిగా ఇంకొకరే చేయాల్సి వస్తే 1. కనుక అన్నీ పోయినా 18 మార్కులు వస్తాయి, అన్నీ ఉంటే 126. ఇంకొన్ని చోట్ల బార్తెల్ సూచికను వాడతారు, దానికి 10 పనులు, 100 మార్కులు. ఈ అంకెలు ఎమ్మారై రిపోర్టుకన్నా పనికొచ్చే సంగతి చెబుతాయి. స్కానింగులో మచ్చ అలాగే ఉండిపోవచ్చు. పళ్ళు తోముకోవడంలో 2 నుంచి 5కి పెరిగితే మాత్రం ఇంట్లో ఒకరికి పొద్దుటి పని తప్పుతుంది.

ఆ వారంలోనే లక్ష్యాలు రాస్తారు. ‘నడిపించండి డాక్టరుగారూ’ అన్నదే అందరి కోరిక. వార్డు కాగితం మీద అది ముక్కలై కనిపిస్తుంది. రెండు వారాల్లో ఆనుడు లేకుండా పది నిమిషాలు కూర్చోవాలి, మూడో వారానికి ఒకరి సాయంతో టాయిలెట్‌కు వెళ్ళాలి, అన్నట్టు. లక్ష్యం రోగి బతుకులోంచి రావాలి. కిరాణా కొట్టు నడిపే మనిషికి గల్లాపెట్టె దగ్గర రెండు గంటలు కూర్చోవడం లక్ష్యం. టైలరుకు చేతివేళ్ళు. ఆ విషయం కుటుంబం చెప్పకపోతే థెరపిస్టుకు తెలిసే దారి లేదు.

పొద్దున్నుంచి రాత్రిదాకా

వార్డులో రోజు ఆరింటికే మొదలవుతుంది. మామూలు ఆసుపత్రిలో రోగి పడుకుంటే మిగతావారు పనిచేస్తారు. ఇక్కడ రోగి పనిచేస్తుంటే మిగతావారు పక్కన నిలబడతారు. మొదట్లో కుటుంబాలకు మింగుడుపడని సంగతి ఇదే. నాన్నగారు చొక్కా గుండీ పెట్టుకోవడానికి పదిహేను నిమిషాలు తంటాలు పడుతుంటే నర్సు చేతులు కట్టుకుని చూస్తోందేమిటని కూతురికి కోపం వస్తుంది. కానీ ఆ పదిహేను నిమిషాలే ఆ పూట వైద్యం. చొక్కాకు ఒక వరస ఉంది. తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. ఈ ఒక్క నియమం చేతపట్టుకుంటే సొంతంగా తొడుక్కోవడం చాలా తేలికవుతుంది.

టిఫిన్ అయ్యాక థెరపీలు మొదలవుతాయి. ఒక్కో తరగతి ముప్పావు గంట, గంట. మధ్యలో విశ్రాంతి కావాలి, ఎందుకంటే మెదడు దెబ్బతిన్నవారి అలసట మామూలు అలసట కాదు. పొద్దున బాగా నడిచిన మనిషి సాయంత్రానికి కూర్చోలేకపోవచ్చు. దాన్ని బద్ధకం అనుకుని ఆటపట్టించడం, ‘నిన్న చేశావుగా’ అని ఎత్తిపొడవడం పనికిరావు. చుట్టాలు పరామర్శకు రావడానికి సాయంత్రం పూట కేటాయించేది కూడా పగటి ఓపిక థెరపీకి మిగలాలనే.

ఫిజియోథెరపీ గదిలో మొదట కనిపించేది టిల్ట్ టేబుల్. చాలా రోజులు పడుకుని ఉన్నవారిని ఒక్కసారిగా నిలబెడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి కాబట్టి బల్లకు పట్టీలతో బిగించి కొద్దికొద్దిగా నిటారుగా లేపుతారు. తర్వాత సమాంతర కమ్మీలు, మెట్లు, గోడ నిండా అద్దం. ఏ యంత్రమూ లేని పాఠమే అన్నిటికన్నా ముఖ్యం, మంచం మీంచి కుర్చీలోకి మారడం. చక్రాల కుర్చీని బలమున్న పక్కకు, మంచానికి కాస్త ఏటవాలుగా తెచ్చి ఆపాలి. బ్రేకులు వేయాలి. పాదాలు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పాలి. రోగి మంచం అంచుకు జరిగి, పాదాలు మోకాళ్ళకన్నా కాస్త వెనక్కి పెట్టుకుని, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి. ఇక్కడే అందరూ భయపడి వెనక్కి వాలుతారు, వెనక్కి వాలినవారు లేవలేరు. లేచాక బలమున్న కాలి మీద బరువు వేసి తిరిగి, కుర్చీ అంచు కాలికి తగిలాక మెల్లగా కూర్చోవాలి. పట్టుకునేవారు నడుముకు కట్టిన బెల్టును పట్టుకోవాలి. చంకలో చెయ్యి వేసి లాగకూడదు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగడం అసలే కూడదు. ఆ భుజం కండరాలు వదులై ఎముక గూడులోంచి కిందికి జారి ఉంటుంది. ఒక్క లాగుడుతో మొదలైన నొప్పి నెలల తరబడి రాత్రుళ్ళు నిద్రపోనివ్వదు. కుటుంబ ప్రేమ వల్ల జరిగే కీడుల్లో ఇది మొదటిది.

కదలిక వచ్చే తీరుకు కూడా ఒక వరస ఉంది. మొదట చెయ్యీ కాలూ గుడ్డపేలికలా వేలాడతాయి. కొన్ని వారాలకు బిగుతు మొదలవుతుంది. మోచెయ్యి మడుచుకుంటుంది, పిడికిలి ముడుచుకుంటుంది, పాదం కిందికి వంగుతుంది. ‘బలం వస్తోంది’ అని ఇంట్లో సంబరపడేది దీన్ని చూసే. బిగుతు వేరు, బలం వేరు. బిగుతును తగ్గించడానికి సాగదీసే వ్యాయామాలు, పట్టీలు, బాక్లోఫెన్ వంటి మాత్రలు, కొన్నిసార్లు బోటులినమ్ ఇంజెక్షన్లు వాడతారు. చేతిలో మెత్తని బంతి పెట్టి పిసకమని చెప్పే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పిడికిలి ఇప్పటికే బిగుసుకుపోతున్నవారికి మూయడం నేర్పి ఏం లాభం? వారికి రావలసింది తెరవడం.

మెదడు కొత్త దారి వేసుకోవాలంటే ఒకే పనిని వందలసార్లు చేయాలని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చెబుతాయి. 2009లో అమెరికా ఆసుపత్రుల్లో తరగతి తరగతినీ కూర్చుని లెక్కపెట్టి చూస్తే, పక్షవాతం రోగి ఒక్కో తరగతిలో చేతితో చేసిన పనికొచ్చే కదలికలు సగటున 32 మాత్రమే. అంత సౌకర్యమున్న చోటే లెక్క అలా ఉంటే, థెరపిస్టు వెళ్ళాక గోడకు అంటించిన కాగితం చూసి మంచం పక్కన మళ్ళీ మళ్ళీ చేసే అభ్యాసం ఎంత అవసరమో ఊహించవచ్చు. రోబో యంత్రాలు, కరెంటు ప్రేరణ, ట్రెడ్‌మిల్ మీద వేలాడదీసే బెల్టులు అన్నీ ఈ ‘మళ్ళీ మళ్ళీ’ని పెంచడానికి వచ్చినవే. అవి లేని వార్డు తక్కువదనీ, ఉన్న వార్డు గొప్పదనీ బ్రోచరు చూసి తేల్చనక్కరలేదు.

అన్నం తినే చెయ్యి

ఆక్యుపేషనల్ థెరపీ అనే పేరు చాలామందికి కొత్త. రోజువారీ పనులను మళ్ళీ చేతికి తెచ్చే విద్య అది. స్నానం, బట్టలు, వంట, సంతకం, ఫోను. మన ఇళ్ళ సంగతికొస్తే పాశ్చాత్య పుస్తకాల్లో లేని లక్ష్యాలు ఇక్కడ ఉంటాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, నేల మీంచి లేవడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, లుంగీ ముడి వేసుకోవడం.

అన్నిటికన్నా సున్నితమైనది అన్నం. మెదడు ఎడమ సగం దెబ్బతింటే పడిపోయేది కుడి చెయ్యి. ఎడమ చేత్తో తినడం మన దగ్గర పసిపిల్లల నుంచి తప్పని నేర్పే విషయం. కుడి చెయ్యి పడిపోయిన పెద్దాయన నలుగురిలో ఎడమ చేత్తో కలుపుకోవడానికి ఇష్టపడక, ఎవరో తినిపిస్తేనే తింటానంటాడు. థెరపిస్టు ముందు స్పూను ఇస్తుంది. అంచు ఎత్తుగా ఉన్న కంచం, అది జారకుండా కింద తడిగుడ్డ. తర్వాత పిడి లావుగా చేసిన స్పూను కుడి చేతికే తొడుగుతుంది. ఆ చెయ్యి నోటిదాకా రాకపోతే మోచేతి కింద తన చెయ్యి ఆనిస్తుంది. కొందరికి బాగున్న చేతికి కొన్ని గంటలు మందపాటి తొడుగు వేసి, బాగాలేని చేతితోనే పనిచేయిస్తారు. ఎడ్వర్డ్ టాబ్ రూపొందించిన ఈ పద్ధతి పనికొచ్చేది వేళ్ళు, మణికట్టు కొంతయినా పైకి లేచేవారికే. ఏ కదలికా లేని చేతికి అది శిక్షే. బాగున్న చేతి నీడను అద్దంలో చూపించి, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు మెదడును నమ్మించే అద్దం చికిత్స మరొకటి. తెగిపోయిన అవయవాల్లో నొప్పి కోసం 1990లలో వి.ఎస్. రామచంద్రన్ ఈ అద్దాల పెట్టెను వాడారు, తర్వాత పక్షవాతానికి వచ్చింది.

కుడి మెదడు దెబ్బతిన్నవారిది ఇంకో చిత్రమైన కష్టం. ఎడమ చెయ్యీ కాలూ పడిపోవడంతో పాటు ఎడమ పక్కనున్న లోకమే వారి లెక్కలోంచి పోతుంది. కళ్ళు బాగానే ఉంటాయి. అయినా కంచంలో కుడి సగం తిని, ఎడమ పక్క వేసిన కూర అలాగే ఉండగా ‘కూర వేయలేదేం?’ అని అడుగుతారు. కంచం తిప్పిపెడితే ‘ఇప్పుడు వేశారా’ అంటారు. గడ్డం సగమే గీసుకుంటారు, చక్రాల కుర్చీని ఎడమ తలుపుకు గుద్దుతారు. కొందరు తమ ఎడమ చెయ్యి తమది కాదంటారు. ఇది మతిభ్రమణం కాదు, దెబ్బతిన్న చోటు ఫలితం. దీనికి చికిత్స ఎడమ వైపుకు చూపు తిప్పడం నేర్పడం. కంచం ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించి, ‘టేపు కనబడేదాకా చూడండి’ అని ప్రతి ముద్దకూ గుర్తుచేస్తారు.

మింగుడు, మాట

వార్డులో ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు ఎక్కువగా నోటి దగ్గరే జరుగుతాయి. పక్షవాతంలో గొంతు కండరాలు బలహీనపడితే మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానివల్ల వచ్చే న్యుమోనియా ప్రాణాంతకం. అందుకే ముక్కు గొట్టం తీసేముందు స్పీచ్ థెరపిస్టు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, ఒక్క చెంచా నీళ్ళు ఇచ్చి, గొంతు మీద వేళ్ళు ఉంచి, గొంతుముడి పైకి లేస్తోందా, దగ్గు వస్తోందా, ఆ తర్వాత ‘ఆ’ అనమంటే గొంతు తడిగా పలుకుతోందా అని చూస్తుంది. సందేహం ఉంటే ఎక్స్‌రే వీడియోలోనో గొంతులోకి చిన్న కెమెరా దించో చూస్తారు. దగ్గు రాకుండానే లోపలికి జారేవారు కూడా ఉంటారు కనుక ‘దగ్గలేదు కదా’ అన్న ధీమా సరిపోదు.

అన్నిటికన్నా తేలికగా మింగుడుపడేది నీళ్ళే అని అందరూ అనుకుంటారు. బలహీనమైన గొంతుకు అదే ప్రమాదం, ఎందుకంటే నీళ్ళు గొంతు సర్దుకునేలోపే పరుగెత్తుతాయి. మెత్తగా, చిక్కగా, ఒకే తీరుగా ఉన్నది మేలు. చిక్కటి జావ, గడ్డపెరుగుతో మెదిపిన అన్నం పెట్టవచ్చు. మెతుకులూ నీళ్ళూ విడివిడిగా ఉన్న చారన్నం, పలచటి మజ్జిగన్నం రెండు రకాల జాగ్రత్తలు ఒకేసారి అడుగుతాయి కాబట్టి చివరికి వస్తాయి. ఆహారం పలచదనాన్ని, గట్టిదనాన్ని 0 నుంచి 7 వరకు మెట్లుగా చెప్పే అంతర్జాతీయ పట్టిక ఉంది. మంచం తలవైపు ఏ మెట్టు అని రాసి ఉంటుంది. అది చూడకుండా ప్రసాదం నోట్లో వేసే చుట్టాన్ని ఆపడం అటెండెంటు పని. తిన్నాక కనీసం అరగంట కూర్చునే ఉండాలి.

మాట పోవడంలోనూ రకాలున్నాయి. నాలుక మొద్దుబారి ముద్దగా పలికేవారికి భాష లోపల చెక్కుచెదరదు. అఫేసియా వేరు, అందులో భాషే దెబ్బతింటుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా పరిశీలించిన రోగి ఏమడిగినా ‘టాన్’ అన్న ఒక్క అక్షరమే పలికేవాడు, మాటలు మాత్రం అర్థమయ్యేవి. అతను చనిపోయాక ఎడమ మెదడు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. ఇంకొందరు గడగడ మాట్లాడతారు, అందులో అర్థముండదు, ఎదుటివారి మాట వారికీ అందదు. సొంతంగా ఒక్క మాట రానివారు ఒకటి నుంచి పది వరకు గుక్కతిప్పుకోకుండా చెప్పడం, వారాల పేర్లు, చిన్ననాటి శ్లోకం అప్పజెప్పడం, కోపమొస్తే స్పష్టమైన బూతు తిట్టడం జరుగుతుంది. నోటికి వచ్చేసిన మాటలు మెదడులో వేరే దారిన వస్తాయి. స్పీచ్ థెరపిస్టులు ఆ దారినే వాడుకుంటారు. బూతు విని సిగ్గుపడే కుటుంబాన్ని వారే ఓదార్చవలసి వస్తుంది కూడా.

ఈ విషయంలో హైదరాబాద్ నుంచి ప్రపంచానికి వెళ్ళిన పరిశోధన ఒకటుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించి 2016లో ప్రకటించింది. ఒకటికి మించి భాషలు వాడేవారిలో 40.5 శాతం మందికి ఆలోచనా శక్తి మామూలుగానే ఉంది, ఒకే భాష వాడేవారిలో 19.6 శాతానికే అలా ఉంది. అఫేసియా రావడంలో మాత్రం తేడా కనిపించలేదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిపి మాట్లాడే నగరంలో థెరపీ ఏ భాషలో సాగాలన్నది నిజమైన ప్రశ్నే. ఇంట్లో మాట్లాడే భాషతో మొదలుపెట్టడం సబబు. రోగితో మాట్లాడేవారు పాటించవలసినవి చిన్నవే. గట్టిగా అరవకూడదు, ఆయనకు చెవుడు రాలేదు. ఒక్కసారికి ఒక్క ప్రశ్న. వాక్యం వారికోసం పూర్తి చేయకుండా కాసేపు ఆగాలి.

రాత్రిపూట, గొట్టాలు, మనసు

నర్సుల పని ఎక్కువగా కంటికి కనబడదు. పడక పుండ్లు రాకుండా చూడటం అందులో పెద్దది. రెండేసి గంటలకు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలన్న పాఠాన్ని ప్రపంచానికి నేర్పినవారిలో ముఖ్యుడు లుడ్విగ్ గుట్మాన్. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము వార్డు తెరిచాడు. అంతకుముందు నడుము కింద చచ్చుబడిన సైనికులు పుండ్లతో, మూత్రపు ఇన్‌ఫెక్షన్లతో కొద్దికాలంలోనే పోయేవారు. 1948లో అక్కడ చక్రాల కుర్చీల మీద 16 మందితో ఆయన పెట్టిన విలువిద్య పోటీయే పారాలింపిక్స్‌కు మూలం.

మూత్రపు గొట్టాన్ని వీలైనంత త్వరగా తీయడానికి చూస్తారు. తీశాక వేళలు పెట్టి టాయిలెట్‌కు తీసుకెళ్ళడం, మూత్రం ఎంత మిగిలిపోతోందో స్కాన్‌తో కొలవడం నడుస్తుంది. మలబద్ధకానికి కూడా రోజూ ఒకే వేళ, టిఫిన్ అయిన కాసేపటికి కూర్చోబెట్టే అలవాటు చేస్తారు. కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, మూర్ఛ, కిందపడటం వంటివి ఎక్కడైనా జరగవచ్చు. పిక్క వాచినా, ఒక్కసారిగా మగత కమ్మినా వెంటనే చెప్పాలి. అవసరమైతే మామూలు వార్డుకు, ఐసీయూకు తిరిగి పంపుతారు. దాన్ని రిహాబ్ విఫలమైనట్టు లెక్కపెట్టనక్కరలేదు.

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందిని కుంగుబాటు పట్టుకుంటుంది. తినకపోవడం, థెరపీకి రాననడం, గోడవైపు తిరిగి పడుకోవడం దాని గుర్తులు కావచ్చు. దీనికి మందులున్నాయి, వాడితే థెరపీ కూడా బాగా సాగుతుంది. కారణం లేకుండా ఏడుపో నవ్వో ఆగకుండా రావడం వేరే సంగతి. మెదడులో భావాల కళ్ళెం తెగినందువల్ల వచ్చేది అది. పరామర్శకు వచ్చినవారిని చూడగానే బోరున ఏడిస్తే ‘లోపల ఎంత బాధో’ అని అందరూ ఏడవడం కన్నా, మాట మార్చి వేరే విషయం ఎత్తడం మేలు.

వెన్నుపాము వార్డులో దారి వేరు

వెన్నుపాము పూర్తిగా తెగినవారికి కాళ్ళు తిరిగి వస్తాయన్న ఆశ పెట్టి నడిపే వైద్యం ఏ పూటా నిజాయితీగా ఉండదు. అక్కడ లక్ష్యం చక్రాల కుర్చీ మీద పూర్తి జీవితం. కూర్చున్నప్పుడు చేతుల మీద బరువు వేసి పావుగంటకో అరగంటకో పిరుదులు ఎత్తడం, రోజుకు నాలుగైదుసార్లు శుభ్రమైన గొట్టంతో మూత్రం తానే తీసుకోవడం, చర్మాన్ని చేతి అద్దంతో చూసుకోవడం వంటివి ఇక్కడి పాఠాలు. వార్డులో ఉండే కాలం కూడా వారాల్లో కాక నెలల్లో ఉంటుంది. ఛాతీ మధ్య భాగానికి పైన దెబ్బ తగిలినవారికి ఒక ప్రమాదం ప్రత్యేకం. మూత్రపు గొట్టం మెలికపడినా, కడుపు గట్టిబడినా బీపీ అమాంతం పెరిగి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమట. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, గొట్టం సరిచూసి, డాక్టరును పిలవాలి. ఇంటికి వెళ్ళేలోపు కుటుంబంలో కనీసం ఇద్దరికి ఇది కంఠతా రావాలి.

మన పక్కనే ఉన్న వెల్లూరులో ఈ వైద్యానికి ఒక మరిచిపోలేని చరిత్ర ఉంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డారు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి ఇప్పటికీ చాలామంది వెళ్ళేది అక్కడికే. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ నాడీ పునరావాసానికి ప్రత్యేక విభాగం ఉంది.

తలకు దెబ్బ తగిలిన యువకుల వార్డు చూడటానికి భయంగా ఉంటుంది. స్పృహ వచ్చాక కొన్నాళ్ళు ఎక్కడున్నదీ తెలియక, తిడుతూ, కొడుతూ, గొట్టాలు పీకేస్తుంటారు. ఆ దశ గడుస్తుంది. గదిలో చప్పుడు తగ్గించడం, గోడకు పెద్ద గడియారం, క్యాలెండరు, ఒక్కసారికి ఒక్క మనిషే లోపలికి రావడం దానికి మందు.

మన దేశంలో అటెండెంటు లేని వార్డు ఉండదు. ఆ మనిషినే థెరపిస్టుగా తయారు చేస్తే సరిపోతుందా అన్న ఆలోచనతో అటెండ్ అనే పరిశోధన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద జరిగింది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, కుటుంబానికి నేర్పి ఇంటికి పంపడం వల్ల ఆరు నెలల తర్వాత మరణంలో గానీ, ఇంకొకరి మీద ఆధారపడటంలో గానీ తేడా రాలేదు. కుటుంబం చేసే పని వృథా అని దీనికి అర్థం కాదు. వార్డులో నేర్పే నిపుణుల బదులు కుటుంబాన్ని పెట్టడం కుదరదని అర్థం. అయినా పగలంతా పక్కన ఉండే భార్యో కొడుకో కుర్చీలోకి మార్చడం, తినిపించడం, పట్టీ కట్టడం థెరపిస్టు ఎదుట తానే చేసి చూపించాక గానీ డిశ్చార్జి ఇవ్వకూడదు. వారానికోసారి బృందమంతా కూర్చునే సమావేశానికి కుటుంబాన్ని పిలవమని అడిగే హక్కు ఉంది. ‘నడుస్తారా’ అన్న ప్రశ్నకు అక్కడ సూటిగా జవాబు దొరుకుతుంది, వరండాలో దొరకదు.

ఇంటికి

వెళ్ళే తేదీ మూడు నాలుగు వారాల ముందే అనుకుంటారు, అప్పుడే ఇల్లు సిద్ధం కావాలి. బాత్రూం తలుపు వెడల్పు కొలిచి ఫొటో తెమ్మంటారు. మన ఇళ్ళల్లో అది చాలాసార్లు చక్రాల కుర్చీ పట్టనంత ఇరుకు. నేలమట్టపు మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ, గోడకు కమ్మీ, జారని చాప కావాలి. వాకిలి అడుగు ఎత్తులో ఉంటే ర్యాంపు 12 అడుగుల పొడవు ఉండాలి, అంతకన్నా తక్కువ పెడితే తోసేవారికీ కూర్చున్నవారికీ ప్రమాదమే. పసుపు రాసిన గడపను తీయించడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోరు. రెండు వైపులా చిన్న చెక్క వాలు పెడితే గడపా ఉంటుంది, కుర్చీ కూడా దాటుతుంది. చాలాచోట్ల ఒక శని, ఆదివారం ఇంటికి పంపి చూస్తారు. ఎక్కడ ఇబ్బంది వచ్చిందో సోమవారం వచ్చి చెబితే మిగిలిన రోజుల్లో అదే నేర్పుతారు.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో కదలిక లోపం, మాటా భాషా లోపం, దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో సదరం ధ్రువపత్రం ఇందుకే. లోపం స్థిరపడ్డాకే శాతం లెక్కిస్తారు కాబట్టి ఆసుపత్రిలో ఉండగానే దాని కోసం పరుగులు పెట్టనక్కరలేదు, డిశ్చార్జి కాగితాలు మాత్రం పోగొట్టుకోకూడదు.

సంచిలో ఏమేం వెళ్తాయో ముందే చూసుకోవాలి. బీపీకి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రల చీటీ ముఖ్యం. నడక బాగుపడిందని మాత్రలు మానేసేవారికి రెండోసారి పక్షవాతం రావడం వార్డు సిబ్బంది తరచూ చూసేదే. వ్యాయామాల కాగితం, మింగుడు మెట్టు, పాదం కిందికి వాలకుండా కట్టే ప్లాస్టిక్ పట్టీ, నాలుగు కాళ్ళ చేతికర్ర కూడా ఉండాలి. మామూలు హవాయి చెప్పు బలహీనమైన కాలికి నిలవదు, మడమ వెనక పట్టీ ఉన్నది కొనుక్కోవాలి. కొన్ని వారాల తర్వాత మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, కాగితాలకన్నా ముందు ఫిజియోథెరపిస్టు ఆ చెప్పునే తిప్పి చూస్తుంది. ముందరి అంచు బయటి పక్క అరిగి ఉంటే కాలు ఇంకా ఈడుస్తున్నట్టే. పట్టీకి మళ్ళీ కొలతలు తీస్తారు.